ఇసబెల్లా తోబర్న్

ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములందు పెరుగుచున్న మనకు ఇంట తెలుగు, అంగడిలో తమిళము, హోసూరు వైపు పోయినచో కన్నడము చెవినబడుట సహజము. చెల్లెలు అన్నతో కూడ పుస్తకముల సంచి తగిలించుకొని బడికి పోవుటయు మనకు వింత గాదు. కాని నూట యేబది సంవత్సరములకు పూర్వము మన దేశమున ఆడుబిడ్డను బడికి పంపుట యనిన ఇరుగుపొరుగువారు ముక్కున వ్రేలిడుకొను మాట. ఆ కాలమున ఒక పరదేశపు స్త్రీ లక్నో నగరపు బజారులో ఒక్క గది తీసికొని, ఆరుగురు బాలికలతో పాఠశాల తెరచెను. ఆ గది ఆమె బ్రదికియుండగనే కళాశాల యయ్యెను. ఆమె పేరు ఇసబెల్లా తోబర్న్. ఆమె మన దక్షిణదేశమున పనిచేసినది కాదు. అయినను ఆడవారి చదువును గూర్చి తలచునప్పుడు ఆమె చరిత్ర తెలిసియుండుట మంచిదని మేము తలచి, ఈ సంచికలో వ్రాయుచున్నాము.

ఆమె మెథడిస్టు సంఘమునకు చెందినది. ఆ సంఘమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ వెస్లీయు, అతని తమ్ముడు చార్లెసును ఆక్సుఫర్డున చదువుకొను దినములలో ప్రార్థనకు, పఠనమునకు, చెరసాలలోని ఖైదీలను చూచి వచ్చుటకు వేళ లేర్పరచుకొని క్రమము తప్పక నడచుకొనెడివారు. తోడి విద్యార్థులు వారిని పరిహసించి, పద్ధతిగాండ్రు అను అర్థము వచ్చునట్లు మెథడిస్టులని పేరు పెట్టిరి. ఎగతాళికి పెట్టిన పేరే నిలిచిపోయెను. ఆ సోదరుల తల్లి సుసన్నా వెస్లీ. భర్త లండనుకు పోయియున్న కాలమున ఈమె ఆదివారము సాయంకాలములందు తన యింటి వంటగదిలో బిడ్డలకు, పనివాండ్రకు ఒక ప్రసంగము చదివి వినిపించుచుండెను. ఇరుగుపొరుగువారు ఒక్కరొక్కరుగా వచ్చి చేరగా ఆ కూటము రెండు వందలకు పెరిగెను. స్త్రీ యిట్లు చేయదగదని భర్త ఉత్తరము వ్రాయగా, మానవలెనన్నచో స్పష్టముగా ఆజ్ఞాపించి, దాని ఫలమునకు తామే దేవుని యెదుట ఉత్తరవాదులై యుండుడని ఆమె బదులు వ్రాసెను. ఆ ఆజ్ఞ రాలేదు. మెథడిస్టు చరిత్రలో స్త్రీల సంగతి ఆ వంటగదినుండియే మొదలైనదని మా అభిప్రాయము.

ఇసబెల్లా 1840వ సంవత్సరము మార్చి 29వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, సెయింట్ క్లెయిర్స్‌విల్ అను ఊరికి సమీపమున జన్మించెను. తలిదండ్రులు ఐర్లండునుండి వలసవచ్చి వ్యవసాయముతో జీవించువారు. పదిమంది బిడ్డలలో ఈమె తొమ్మిదవది. ఈమెకు సుమారు పదియేండ్లు వచ్చునప్పటికి తండ్రి గతించెను. తల్లి గట్టి మనస్సు గల స్త్రీ. ఇసబెల్లా వీలింగు పట్టణములోని బాలికల విద్యాలయమున చదివి, పిమ్మట సిన్సినాటిలో కొంతకాలము చిత్రలేఖనము నేర్చి, ఉపాధ్యాయినిగా జీవనము మొదలిడెను. అప్పటికామె యెవరికిని పెద్దగా తెలియని పల్లెటూరి పంతులమ్మ.

ఆమె అన్న జేమ్స్ మిల్స్ తోబర్న్ 1859లో మన దేశమునకు మతప్రచారకుడుగా వచ్చి, రోహిల్‌ఖండు, గఢ్వాలు ప్రాంతములలో తిరుగుచుండెను. స్త్రీలు పరదాల వెనుకనుండు ఇండ్లలోనికి పురుషుడు పోజాలడు గనుక, తాను చెప్పు చదువుగాని, మతముగాని దేశములో సగమునకు అందదని అతడు క్రమముగా గ్రహించెను. 1866లో పల్లెలలో గుడారము వేసికొని తిరుగుచుండగా ఒకనాడు రాబందు రెక్కనుండి రాలిన ఈక యొకటి అతనికి కాలి దగ్గర దొరకెను. దానిని కలముగా చెక్కి, చెల్లెలికి ఉత్తరము వ్రాసెను. ఇచ్చటి బాలికలకు బడి పెట్టుటకు నీవు వత్తువా యని అందులో అడిగెను. దారి దొరకిన తక్షణమే వచ్చెదనని ఆమె ఒప్పుకొనెను.

దారి దొరకుటయే కష్టము. అమెరికాలోని మెథడిస్టు మిషను సంఘమును పురుషులే నడుపుచుండిరి. పెండ్లికాని స్త్రీని ఒంటరిగా సముద్రములు దాటించి పంపుట వారికి సమ్మతము కాదు. మూడేండ్లు గడచెను. అప్పుడు మన దేశములో భర్తలతో పనిచేసి తిరిగిపోయిన ఇద్దరు స్త్రీలు, లోయిస్ పార్కర్, క్లెమెంటినా బట్లర్ అనువారు, బోస్టను నగరమున పూనుకొనిరి. 1869 మార్చిలో ఒక వానదినమున ట్రెమాంటు వీధి దేవాలయమున సభ పిలువగా వచ్చినవారు పట్టుమని పదిమంది లేరు. ఆ పిడికెడుమందియే స్త్రీల విదేశ మిషను సంఘమును స్థాపించిరి. వారమునకు రెండు సెంట్ల చొప్పున చందా, దానితోపాటు ఒక ప్రార్థన, ఇదియే వారి నియమము. ఇసబెల్లాను పంపుటకు డబ్బు చాలదను మాట వచ్చినప్పుడు వారిలో ఒకామె లేచి, ఖరీదైన బట్టలు మాని బోస్టను వీధులలో ముతక నూలుగుడ్డలతో తిరిగియైనను ఆమెను పంపవలసినదేయని చెప్పగా అందరును ఒప్పుకొనిరి. ఆ సంఘము ఒక పత్రికను కూడ నడపెను. అన్యమత స్త్రీల మిత్రమని అర్థమిచ్చు దాని పేరు నేడు మన చెవికి కటువుగా నుండును. మన స్త్రీలను గూర్చి అందులోని వ్రాతలలో జాలి యెక్కువ, ఎరుక తక్కువ. 1896లో వారే ఆ పేరు మార్చుకొనిరి.

1869 నవంబరు 3వ తేదీన ఇసబెల్లా న్యూయార్కులో ఓడయెక్కెను. ఆమెతోకూడ క్లారా స్వెయిన్ అను వైద్యురాలు బయలుదేరెను. ఈ యిద్దరును 1870 జనవరి 7న బొంబాయిలో దిగిరి. క్లారా బరేలి నగరమునకు పోయి, రాంపురము నవాబు దానమిచ్చిన సుమారు 40 ఎకరముల తోటలో స్త్రీలకు వైద్యశాల నిర్మించెను. ఆ వైద్యశాల 1874 జనవరి 1న తెరువబడెను. మన దేశమునకు స్త్రీలకొరకై వచ్చిన వైద్యురాండ్రలో ఆమె మొదటిది. ఆమె చరిత్ర వేరుగా వ్రాయదగినది. ఈసారికి లక్నోకు పోదము.

లక్నోలో చెల్లెలు దిగగనే అన్నకు సంతోషమయ్యెను. ఆమె దస్తూరి చక్కనిది. తాను వ్రాసిన కాగితములకు శుభ్రప్రతి యెత్తి పెట్టుమని కోరెను. ఆమె ఎత్తిపెట్టెను. కొలదిదినములలో మరియొక కట్ట తెచ్చి యిచ్చెను. అప్పుడామె మిక్కిలి నెమ్మదిగా, తనకు కూడ ఒక వ్రాతగత్తె కావలసి వచ్చునేమోయని అన్నకు తెలియజేసెను. కోపము లేదు, వాదము లేదు. అంత మాత్రముననే జేమ్స్ తోబర్న్ ఉలికిపడెను. చెల్లెలు తనకు సహాయురాలిగా కాక, తనవలెనే ఒక పనికి బాధ్యత వహించి వచ్చినదనియు, ఆమె కాలము తన కాలముతో సమానముగా విలువ గలదనియు అప్పుడే తెలిసెనని అతడు తరువాత దాచుకొనక వ్రాసికొనెను. ఆమె మరణానంతరము ఆమె జీవిత చరిత్ర వ్రాసినది ఈ యన్నయే.

ఈ సంగతి చిన్నదిగా కనబడవచ్చును. మా మట్టుకు ఆమె జీవితమున ఇదియే ముఖ్యమైన ఘట్టము. పరదాచాటు స్త్రీలను విడిపింపవలెనని మాటలాడు పురుషులు సయితము తమ ఇంటి స్త్రీని తమ బల్లచెంత గుమాస్తాగా కూర్చుండబెట్టుకొనుట సహజమని తలచిన దినములవి. అప్పుడామె ఒప్పుకొని యుండినచో మంచి చెల్లెలని పేరు పొంది యుండును. లక్నో కళాశాల యుండకపోవును.

1870 ఏప్రిలు 18వ తేదీన అమీనాబాదు బజారులో అద్దెగదిలో బడి తెరచిరి. వచ్చినవారు ఆరుగురు బాలికలు. ఊరిలోని అల్లరిమూకలు ఏమి చేయుదురోయని వెరచి, బలమైన వెదురుకఱ్ఱ చేతికిచ్చి ఒక యువకుని గుమ్మమున కావలి యుంచిరి. ఆ కఱ్ఱతో పని పడలేదు. లోపల పంతులమ్మకు విద్యార్థినుల భాష రాదు, విద్యార్థినులకు ఆమె భాష రాదు. ముప్పదియేండ్ల వయస్సున ఆమె హిందుస్తానీ అక్షరములు దిద్దవలసి వచ్చెను. ఇంట నొక భాష, బడిలో నొక భాష గల మనకు ఆమె అవస్థ ఇతరులకంటె కొంచెము బాగుగా తెలియును.

మరుసటి సంవత్సరము లాల్‌బాగు అను పెద్ద తోటయు, అందలి మేడయు అమ్మకమునకు వచ్చెను. అది అయోధ్య చివరి నవాబునొద్ద కోశాధికారిగా నుండినవాని ఆస్తి. బోస్టను స్త్రీల రెండేసి సెంట్లు కూడబెట్టగా వచ్చిన సొమ్ముతో 1871లో దానిని కొనిరి. బడి అచ్చటికి చేరి, వసతిగృహముతో కూడిన పాఠశాల యయ్యెను. ఇసబెల్లాకు మొక్కల నిన చాల ప్రీతి. తోటను తానే దగ్గరనుండి పెంచెను. వసతిగృహమున హిందుస్తానీ బాలికలు, బంగాళీ బాలికలు, యూరేసియను బాలికలు కలిసియుండిరి. తెల్ల రక్తము కలిసినవారు వేరుగా చదువవలెనని ఆ కాలపు పెద్దలు అనేకులు కోరుచుండిరి. ఆమె ఒప్పుకొనలేదు. విద్యార్థినులు తమ దేశపు కట్టుబొట్టు విడిచి దొరసానుల వేషము వేయవలెననియు ఆమె కోరలేదు. మతము మార్చుటకే వచ్చిన స్త్రీ గదా, ఈ వివేకము ఎచ్చటిదని ఎవరైన అడుగవచ్చును. ఆమె ఉద్దేశము మతప్రచారమేయనుటలో సందేహము లేదు, ఆమె దానిని దాచనులేదు. కాని మనిషిని మనిషిగా చూచుట ఆమెకు దానికన్న ముందే అలవడిన గుణమని తోచుచున్నది.

1874లో కాన్పూరు బాలికల పాఠశాల భారమును ఆమె పైననే పడెను. రెండు నగరములకు నడుమ సుమారు యేబది మైళ్ల దూరము. కొంతకాలము ఇచ్చట, కొంతకాలము అచ్చట పని చూచుచు, రైలులో తిరుగుచు ఆమె రెండింటిని నడిపెను. ఆదివారపు బళ్లు, ఇండ్లకు పోయి స్త్రీలకు చదువు చెప్పుట, ఉపాధ్యాయినులను తయారుచేయుట, లెక్కలు వ్రాయుట, జబ్బుపడినవారి చెంత కూర్చుండుట, అన్నియు ఆమె పనులే. 1880లో మొదటిసారి స్వదేశమునకు సెలవుపై పోయి 1882లో తిరిగివచ్చెను. ఆ సెలవులోను ఊరూర సభలలో మాటలాడుటయే సరిపోయెను. పుల్పిటునుండి స్త్రీ మాటలాడుట అచ్చటివారికే నచ్చని కాలమగుటచే ఆమె మొదట జంకెనని చెప్పుదురు.

ఇక కళాశాల సంగతి. లాల్‌బాగున ప్రవేశపరీక్షకు చదివిన బాలికలు ఆ పిమ్మట ఎచ్చటికి పోవలెను? కలకత్తాలోని బెథ్యూను విద్యాలయమున 1879లోనే కళాశాల తరగతులు మొదలైనవి. అచ్చట చదివిన కాదంబినీ, చంద్రముఖి అను ఇద్దరు 1883లో పట్టభద్రులైరి. కాని లక్నో బాలికకు కలకత్తా దూరదేశము. ఆడుబిడ్డలకు ఇంత చదివించినది చాలదా, పై చదువు దేనికని మిషనులోని వారే కొందరనిరి. పల్లెటూళ్లలో అక్షరము రాని స్త్రీలు లక్షలుండగా నలుగురి కొరకు కళాశాల యేమిటని మరికొందరనిరి. ఈ రెండవ మాటలో న్యాయము లేకపోలేదు. కాని ఆ లక్షలమందికి చదువు చెప్పవలసినది ఎవరు? ఎప్పటికిని అమెరికానుండియే పంతులమ్మలు రావలెనా? ఇదియే ఇసబెల్లా ప్రశ్న. ఈ దేశపు బాలికలకు ఈ దేశపు స్త్రీలే ప్రధానోపాధ్యాయినులు కావలెనన్నచో పై చదువు తప్పదని ఆమె వాదించెను. 1886లో కొలదిమందితో కళాశాల తరగతి తెరచెను. 1895లో దానికి ప్రభుత్వపు శాసనపత్రము లభించెను. ఆసియాఖండమున స్త్రీలకు వెలసిన మొదటి క్రైస్తవ కళాశాల యిదియేనని దాని ప్రసిద్ధి. మన మదరాసు నగరమున స్త్రీలకు ప్రత్యేకముగా కళాశాల 1914లోగాని ఏర్పడలేదనిన ఆమె ముందుచూపు ఎంతటిదో తెలియును.

తరగతి తెరచిన యేడే ఆరోగ్యము చెడి ఆమె మరల అమెరికాకు పోవలసి వచ్చెను. విశ్రాంతికని పోయినది చికాగోలో సేవికల శిక్షణాలయమున పాఠములు చెప్పెను. సిన్సినాటిలో అట్టి సేవికల గృహమును, దానితో వైద్యశాలను నెలకొల్పుటకు తోడ్పడెను. డీకనెస్సులనబడు ఈ సేవికలు పేదల ఇండ్లకు పోయి రోగులకు పరిచర్య చేయుదురు. తానును వారి దుస్తులు ధరించెను. 1888లో ఆ సంఘపు సర్వసభ ఈ సేవికల వ్యవస్థను అంగీకరించెను. ఆ సభయే జేమ్స్ తోబర్నును మన దేశమునకు బిషప్పుగా నియమించెను. ఆ సభయే తమ తమ ప్రాంతములవారు ప్రతినిధులుగా ఎన్నుకొని పంపిన అయిదుగురు స్త్రీలను కూర్చుండనీయక త్రిప్పి పంపెను. స్త్రీ రోగి పడక ప్రక్కన కూర్చుండవచ్చును, సభలో మాత్రము కూర్చుండరాదని తేలినది. ఆ ఆసనములు స్త్రీలకు లభించుటకు 1904వ సంవత్సరము వరకు పట్టెను. అది చూచుటకు ఇసబెల్లా బ్రదికిలేదు.

1890లో ఆమె లక్నోకు తిరిగివచ్చెను. ఆమె చేతిలో పెరిగినవారిలో ఇద్దరిని పేర్కొనవలెను. ఫీబీ రో అను యూరేసియను యువతి మొదట లాల్‌బాగున ఉపాధ్యాయినియై, తరువాత పల్లెలకు పోయి పేదవారి నడుమ పనిచేసి 1898లో మరణించెను. ఆమె చరిత్రను ఇసబెల్లా స్వయముగా గ్రంథముగా వ్రాసెను. రెండవది లీలావతీ సింగు. ఈమె 1868లో గోరఖపురమున జన్మించెను. తలిదండ్రులు ఈమెకు ఎథెల్ రఫాయేలని ఇంగ్లీషు పేరు పెట్టిరి. పెద్దదైన పిమ్మట ఆ పేరు విడిచి లీలావతియని దేశీయమైన పేరు తీసికొనెను. లాల్‌బాగున చదివి, పట్టభద్రురాలై, అచ్చటనే అధ్యాపికయయ్యెను.

కళాశాలకు కట్టడములు కావలెను. అందుకై ఇసబెల్లా మరల స్వదేశమునకు పోయినప్పుడు లీలావతిని వెంట తీసికొని పోయెను. తాను చెప్పుటకంటె తన విద్యార్థిని చెప్పుటయే మేలని ఆమె యెరుగును. 1900 వసంతమున న్యూయార్కు నగరమందు ప్రపంచములోని మిషనుల మహాసభ జరిగెను. అమెరికా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఆ సభలో నుండెను. చీరకట్టుకొని వేదిక యెక్కిన లీలావతి మన స్త్రీల ఉన్నతవిద్యను గూర్చి మాటలాడెను. ఆమె ప్రసంగము విని హారిసన్, తాను పదిలక్షల డాలర్లు మిషనులకు ఇచ్చియుండి దానివలన ఈ ఒక్క స్త్రీ మాత్రమే తయారైయుండినను ఆ సొమ్ము వ్యర్థము కాదని తలచి యుండునని చెప్పెనట. ఆ మాట ఆ దేశమంతట పాకెను. సభలో ఇసబెల్లా వెనుకనే యుండి వినుచుండెను.

ఇద్దరును తిరిగివచ్చి ఎక్కువ కాలము గడువలేదు. 1901వ సంవత్సరము వానకాలమున లక్నోలో కలరా సోకి, సెప్టెంబరు 1వ తేదీన ఇసబెల్లా తోబర్న్ మరణించెను. అప్పటికామెకు 61 సంవత్సరములు. వచ్చినప్పటినుండి లెక్కింపగా 31 సంవత్సరములు ఈ దేశముతో సంబంధము. లక్నోలోనే ఆమెను సమాధి చేసిరి. కళాశాలకు ఆమె పేరే పెట్టిరి.

లీలావతి కళాశాల పనిని వహించి, తరువాత ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యలో స్త్రీల శాఖకు అధ్యక్షురాలుగా ఐరోపా, అమెరికాలలో తిరిగెను. 1909లో చికాగోలో, నలువది యేండ్లకే, ఆమెయు కన్నుమూసెను. 1923లో కళాశాల చాంద్‌బాగు అను విశాలమైన స్థలమునకు మారెను. నేటికిని అచ్చటనే యున్నది. రెండేసి సెంట్లతో కొన్న లాల్‌బాగున ఇప్పటికిని బాలికలు చదువుకొనుచున్నారు.